బత్తాయి జామ్ గట్టిపడలేదు, పైగా చేదు. ఏం చేయాలి?

ప్రశ్న: నల్గొండ దగ్గర చిన్నాన్న వాళ్ల తోట నుంచి సంచెడు బత్తాయిలు వచ్చాయి. రెండు కిలోలు ఒలిచి, గింజలతో సహా మిక్సీలో వేసి వడకట్టాను. కిలో పంచదార పోసి మరిగించి, తీగపాకం రాగానే దించేశాను. తెల్లారి చూస్తే తేనెలా జారిపోతోంది. మింగాక గొంతులో చేదు కూడా. పారేయాలా, బాగుచేయొచ్చా?

జవాబు: పారేయకండమ్మా. గట్టిపడకపోవడానికి మందుంది, చేదుకే లేదు.

తీగపాకం చూసి దించడమే ఇక్కడ చిక్కు. తీగ పంచదార సంగతి చెబుతుంది గానీ పెక్టిన్ (పండులో ఉండి జామ్‌ను గట్టిపరిచే జిగురు పదార్థం) సంగతి చెప్పదు. జామ్ పట్టుకోవాలంటే పంచదార, పెక్టిన్, పులుపు మూడూ సరిపడా ఉండాలి. బత్తాయిలో పులుపు బాగా తక్కువ. పెక్టిన్ ఉండేది గింజల్లో, తొక్క లోపలి తెల్లపొరలో. తొక్కతో పాటు ఆ పొర పోయింది, గింజలేమో నలిగి చేదు దిగింది. అసలు బత్తాయి రసం కాసేపు నిలవున్నా, వేడి తగిలినా చేదెక్కే రకం. వచ్చేసారి సగం కమలాలు కలపండి.

ఇప్పుడు చేయాల్సింది: నాలుగు నిమ్మకాయల రసం తీసి పక్కన పెట్టండి. మిగిలిన తొక్కలూ గింజలూ రెండు గ్లాసుల నీళ్లలో వేసి, అరగ్లాసు మిగిలేదాకా సన్నమంట మీద ఉడికించి పలుచని గుడ్డలో పిండండి. వేళ్లకు జిగురుగా అంటుకుంటుంది, అదే మీకు కావాల్సింది. ఆ జిగురునీళ్లు, నిమ్మరసం జామ్‌లో కలిపి వెడల్పాటి స్టీలు గిన్నెలో పెద్ద మంట మీద మరిగించండి. అల్యూమినియం వద్దు, పులుపు దాన్ని తింటుంది.

చిన్న స్టీలు ప్లేటు ముందే ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మంట ఆపి, దాని మీద అరచెంచా వేసి, రెండు నిమిషాలు ఫ్రీజర్‌లోనే ఉంచి వేలితో తోయండి. పాల మీద మీగడలా ముడత పడితే అయినట్టే. వంట థర్మామీటర్ ఉంటే 104–105 డిగ్రీల సెల్సియస్.

ఇంకొకరు: ఇంత తంటా ఎందుకండీ, జెలటిన్ కలిపేస్తే పోలా?

జవాబు: గట్టిపడుతుంది, కాదనను. కానీ అది జెల్లీ ముక్క, బ్రెడ్ మీద పరుచుకోదు. పైగా జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, మా ఇంట్లో శాకాహారులున్నారు.

ప్రశ్న అడిగినవారు: తొక్క తరిగి వేస్తే బాగుంటుందని మా అత్తగారు అంటున్నారు. వేయొచ్చా?

జవాబు: ఈ విడతలో వద్దు, ఉన్న చేదు చాలు. వచ్చేసారి కమలా తొక్క సన్నగా తరిగి, రెండుసార్లు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. గోటితో నొక్కితే తెగాలి, ఆ తర్వాతే పంచదార. ముందే పడిందా, తొక్క ఎంతసేపు ఉడికినా నారలా సాగుతుంది. ఇంగ్లండ్‌లో మార్మలేడ్‌కు (తొక్క ముక్కలు వేసి చేసే నారింజ జామ్) సెవిల్ అనే చేదు నారింజను కోరి తెచ్చుకునేదే ఆ చేదు కోసం, కాబట్టి మీది మరీ తప్పేమీ కాదు లెండి!

ప్రశ్న అడిగినవారు: చేశానండీ. మొదటిసారి ప్లేటు మీద జారింది, ఇంకో ఆరు నిమిషాలకు ముడత పడింది. మరిగించిన సీసాల్లో వేడిగానే పోశాను, రెండున్నర సీసాలొచ్చాయి. పిల్లలు ముట్టలేదు. మా మామగారు మాత్రం నిన్నటి నుంచి రొట్టెలోకి అదే అడుగుతున్నారు.