సమస్య: తిట్టులోన దాగె దేశమొకటి

నిర్వాహకులు: ఈసారి ఆటవెలది. యతి తి–దే. బూతులు రాయొద్దు, బూతు పుట్టుక రాయొచ్చు.

గోదారిగట్టు:
బుల్గరుసను మాట బూగ్రుగా మారెను
ఫ్రెంచివారి నోట పేరు చెడియె
బగ్గరనుచు నేడు పలికెడి యాంగ్లపు
తిట్టులోన దాగె దేశమొకటి

నిర్వాహకులు: భేష్! లాటిన్‌లో బుల్గరుస్ అంటే బల్గేరియావాడు. 10వ శతాబ్దంలో అక్కడ చర్చి తప్పుబట్టిన బోగొమిల్ అనే క్రైస్తవ శాఖ పుట్టింది. దక్షిణ ఫ్రాన్సులో అలాంటి శాఖే అయిన కాథర్లకూ అదే పేరు అంటగట్టి, ఆపైన అసహజ కామమనే నింద తగిలించారు. ఒక్క సవరణ: ‘నోటన్’ ద్రుతాంతం, కాబట్టి ‘నోటఁ బేరు’. యతికి ఢోకా లేదు.

నల్లగొండ కుర్రాడు:
హెన్రి యేలు నాడు హేయమంచు నురిని
వ్రాసి చట్టమందు రాజముద్ర
వేసిరంట దాని పేరైన యా చెడ్డ
తిట్టులోన దాగె దేశమొకటి

వకీలు: తమ్ముడూ, ఇది ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన 1533 నాటి బగ్గరీ చట్టం. దాని వారసత్వమే 2024 దాకా అమల్లో ఉన్న మన 1860 శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. తమాషా ఏంటంటే అందులో ‘బగ్గరీ’ అనే మాట ఎక్కడా ఉండేది కాదు, ‘ప్రకృతి విరుద్ధం’ అనే ఉండేది. పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

నిర్వాహకులు: ‘వేసిరంట’ మరీ వాడుక. ‘వేసినారు’ అంటే గణాలు చెదరవు. ‘యా చెడ్డ’ మాత్రం గణం కోసం పడ్డ మాటే. తిట్టు మంచిదెలా అవుతుంది?

సిడ్నీ తెలుగమ్మాయి: ఇక్కడ చేతిలో కప్పు జారినా ‘బగ్గర్’ అంటారు, ఎవరూ ఉలిక్కిపడరు.
పెండ్లి వలదు మాకు బిడ్డలు వలదన్న
భక్తులకును దక్కెఁ బచ్చి బూతు
పొరుగునోటి నింద పోదుగా యేనాడు
తిట్టులోన దాగె దేశమొకటి

గోదారిగట్టు: అదిరిందమ్మా! రెండో పాదం చదివి పగలబడి నవ్వాను.

నిర్వాహకులు: నాకూ ఇదే నచ్చింది. కాకపోతే కాథర్లలో పెళ్లి మానుకున్నది దీక్ష పట్టిన పెద్దలే, మామూలు జనం సంసారాలు చేసుకున్నారు. సంతానం వద్దన్నవాళ్లు రహస్యంగా ఇంకేదో చేస్తుంటారని ఊహించుకున్నది శత్రువులు. ఇంకో విడ్డూరం వినండి. 1239లో ఫ్రాన్సులోని మోంతేమే దగ్గర దాదాపు 180 మందిని మంటల్లో వేయించిన మతవిచారణాధికారి రాబర్టును జనం ‘బూగ్రు రాబర్టు’ అనే పిలిచేవారు. ఆయన ఒకప్పుడు కాథర్లలో ఉండి బయటికొచ్చినవాడే.

నల్లగొండ కుర్రాడు: గురువుగారూ, ఆయన మీద ఒక పద్యం పడాల్సిందే. గడువుందా?

నిర్వాహకులు: ఆదివారం దాకా ఉంది. ‘రాబర్టు’తో పాదం ఎత్తుకుంటే మాత్రం యతి ముందే చూసుకోండి.