అమ్మానాన్నలతో క్రూజ్: సూట్ తీసుకోమంటున్నారు, అంత పెట్టొచ్చా?

ఇర్వింగ్, టెక్సస్ నుంచి

అందరికీ నమస్తే. ఈ గ్రూపులో ఇదే నా మొదటి మెయిల్. ఎల్‌1 వీసా మీద ఈమధ్యే డాలస్ వచ్చాం. జూన్‌లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్లను గాల్వెస్టన్ నుంచి వారం రోజుల క్రూజ్‌కి తీసుకెళ్దామని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. మా నాలుగేళ్ల పాపతో కలిపి మొత్తం ఐదుగురం.

ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీలో రెండు బెడ్‌రూముల సూట్ చూపించాడు. పక్కపక్కనే రెండు బాల్కనీ గదులు తీసుకుంటే అయ్యేదానికి పైన ఇంకో 4,000 డాలర్లు పడుతోంది. "సూట్‌లో అన్నీ ఫ్రీ సార్, పెద్దవాళ్లతో వెళ్తున్నారు, ఇంక ఆలోచించకండి" అంటున్నాడు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. మా ఇంట్లో ఎవరికీ మందు అలవాటు లేదు. వాళ్లను సుఖంగా తిప్పాలని ఉంది, అలాగని అనవసరంగా చేతి చమురు వదిలించుకోవాలనీ లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నమాట చెప్పండి.

కేటీ, టెక్సస్ నుంచి

తమ్ముడూ, టెక్సస్‌కి స్వాగతం. ముందు ఆ "అన్నీ ఫ్రీ" అన్న మాట పక్కన పెట్టు. రాయల్ కరీబియన్ పెద్ద నౌకల్లో సూట్లు మూడు మెట్లు: సీ, స్కై, స్టార్. మందు, స్పెషాల్టీ రెస్టారెంట్లు, గ్రాట్యుటీలు (అంటే సిబ్బందికి టిప్పులు) అన్నీ కలిసి వచ్చేది పైనున్న స్టార్‌లో. రాయల్ జీనీ అని ఒక మనిషిని మీకోసం ప్రత్యేకంగా ఇచ్చేదీ అక్కడే. నీకు చూపించిన రెండు బెడ్‌రూములది స్కై. అందులో ఇంటర్నెట్, సూట్ లాంజ్, కోస్టల్ కిచెన్ అనే విడి రెస్టారెంట్, బుకింగులవీ చూసిపెట్టే కాన్షియర్జ్, ముందుగా ఎక్కించడం, థియేటర్‌లో సీట్లు, సూట్‌వాళ్లకు మాత్రమే ఉండే సన్ డెక్ వస్తాయి. గ్రాట్యుటీ మాత్రం మీరే కట్టాలి. అదీ మామూలు గదులకంటే ఎక్కువ. మామూలు గదికి మనిషికి రోజుకు 18.50 డాలర్ల దాకా ఉంటే సూట్‌కి 21 దాకా ఉంది. బుక్ చేసే రోజు రేటు ఒకసారి చూసుకో. పాపకీ అంతే కట్టాలి, నాలుగేళ్లని తగ్గించరు. ఇక అన్నిటికంటే కింద జూనియర్ సూట్ అని ఒకటుంది. అది పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం, దానికి లాంజ్‌లోకే రానివ్వరు. చౌకగా ఉందని ఏజెంట్ రేపు అది చూపిస్తాడేమో, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు నువ్వు అదనంగా పెట్టే 4,000కి లెక్క వేద్దాం. బ్రోషర్‌లో ఏముందో వదిలెయ్, మీ ఇంట్లోవాళ్లు ఏం వాడుకుంటారో అదే లెక్క.

లాంజ్‌లో సాయంత్రం పూట ఫ్రీగా ఇచ్చేవి వైన్, కాక్‌టెయిల్స్. మీకు సున్నా. సన్ డెక్ ఎండలో ఒళ్లు కాల్చుకునేవాళ్లది. గుంటూరు ఎండ చూసిన మీ అమ్మగారు చీరలో వెళ్లి అక్కడ పడుకుంటారా? అదీ సున్నా. థియేటర్ సీట్లు మామూలువాళ్లూ యాప్‌లో డబ్బు కట్టకుండానే బుక్ చేసుకోవచ్చు, కాకపోతే ముందే గుర్తుపెట్టుకుని చెయ్యాలి. ఇంటర్నెట్ ఒక్కటి నిజంగా పనికొస్తుంది. ఇండియాకి వాట్సాప్ కాల్ లేకపోతే అమ్మానాన్నలకు పొద్దుపోదు. డివైజ్‌కి రోజుకు సుమారు 20 డాలర్లు వేసుకో. ఇంటికి రెండు డివైజ్‌లు చాలు, ఒకరు లాగౌట్ అయితే ఇంకొకరు వాడుకోవచ్చు. వారానికి 280. మిగిలిన 3,700 నువ్వు కట్టేది గది వెడల్పుకే.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏజెంట్లు కోస్టల్ కిచెన్ గురించి ఊరిస్తారు. చిన్న మెనూ, నిశ్శబ్దం, బాగానే ఉంటుంది. కానీ గుడ్డు కూడా తినని పెద్దవాళ్లకు అక్కడ పాస్తా, సలాడ్ దాటితే పెద్దగా ఏమీ ఉండదు. మనవాళ్లకు అసలు భోజనం దొరికేది మెయిన్ డైనింగ్ రూమ్‌లో. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, మేం శాకాహారులం, గుడ్డు కూడా వద్దు, ఇండియన్ ఫుడ్ కావాలి అని చెప్పు. గోవా, ముంబై, కేరళ కుర్రాళ్లు ఆ నౌకల మీద చాలామంది పనిచేస్తారు. మేం వెళ్లినప్పుడు గోవా అతను రోజూ రాత్రి డెజర్ట్ టైమ్‌కి టేబుల్ దగ్గరికొచ్చి "రేపేం చేయించమంటారు ఆంటీ" అని హిందీలో మా అమ్మను అడిగేవాడు. మర్నాడు పప్పు, ఏదో ఒక కూర, అన్నం, రోటీ మెనూలో లేకుండానే వచ్చేవి. ఉప్పూ కారం కొంచెం తక్కువే అనుకో. సూట్ లేకుండానే మాకు ఇదంతా జరిగింది. మధ్యాహ్నం విండ్‌జామర్ బఫేలో ఇండియన్ కూరలు దొరుకుతాయి, పెరుగు పొద్దున్నే ఉంటుంది. ఊరగాయ మాత్రం సీల్ తియ్యని కొనుక్కున్న ప్యాకెట్టే పెట్టుకోండి, ఇంట్లో చేసిన తిండి ఎక్కనివ్వరు. ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్ అసలు తేవద్దు, సెక్యూరిటీలోనే ఆపేస్తారు.

ముందుగా ఎక్కించడం నాన్నగారి మోకాళ్లకు మంచిదని ఏజెంట్ అని ఉంటాడు. దానికి సూట్ అక్కర్లేదు. పోర్టులో ఎక్కడానికి, దిగడానికి వీల్‌చైర్ సాయం ఉచితం, బుకింగ్‌లోనే ఆ అవసరం రాయించు. వాళ్లే తోసుకుంటూ తీసుకెళ్తారు, పక్కన మీరూ నడుస్తారు. నౌక మీద తిరగడానికి మాత్రం కుర్చీ మీరు తెచ్చుకోవాలి, లేదా అద్దెకి తీసుకోవాలి.

చివరగా టెండర్ పడవలు. ఒడ్డుకి చేరలేని చోట్ల నౌకను దూరంగా ఆపి చిన్న పడవల్లో దింపుతారు. సూట్‌వాళ్లకు అక్కడ క్యూ ఉండదు. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ లాంటి చోట్ల ఆ సదుపాయానికి విలువ ఉంది. గాల్వెస్టన్ నుంచి మామూలుగా వెళ్లే కోజుమెల్, కోస్టా మాయా, రొటాన్‌లలో నౌక నేరుగా రేవు గట్టుకే ఆనుతుంది. కాబట్టి ఆ సదుపాయానికి కూడా మీరు ఊరికే కట్టినట్టు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

కేటీ అన్నగారి లెక్కతో నేను ఒప్పుకోను. అంటే కూడికలు, తీసివేతలు సరిగ్గానే వేశారు, కానీ జూన్ అన్న మాట వదిలేశారు. జూన్‌లో స్కూళ్లకు సెలవులు. రాయల్ కరీబియన్ వాళ్ల ఓయాసిస్ తరగతి నౌకలో గదికి ఇద్దరి లెక్కన చూసినా 5,000 మందికి పైగా ఉంటారు, సెలవుల్లో పిల్లలతో ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. పొద్దున తొమ్మిదింటికి బఫేలో ప్లేటు పట్టుకుని ఖాళీ టేబుల్ కోసం తిరిగే పెద్దాయన్ని చూస్తే మీకే అర్థమవుతుంది. అప్పుడు విడి రెస్టారెంట్ అంటే మెనూ సంగతి తర్వాత, కూర్చోవడానికి ఒక కుర్చీ.

అయితే సూట్ అని రాసి ఉన్న ప్రతిదీ ఒకటి కాదు. పెట్టుకోదలిస్తే నౌకలోనే విడిగా ఒక చిన్న నౌకలా కట్టిన చోట పెట్టండి. వేరే క్రూజ్ కంపెనీలున్నాయి కదా, ఎంఎస్‌సీలో యాట్ క్లబ్, నార్వీజియన్‌లో హేవెన్ అలాంటివి. కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. లోపల వాళ్లదే పూల్, రెస్టారెంట్, బట్లర్. మా నాన్న యాట్ క్లబ్‌లో రోజంతా కిటికీ పక్కన పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు, అడిగినప్పుడల్లా టీ తెచ్చిచ్చారు. ఆయనకు అంతకంటే ఏం కావాలి? యాట్ క్లబ్‌లో డ్రింక్స్, వైఫై రేటులోనే కలిసి ఉంటాయి. మందు తాగకపోయినా జ్యూసులు, కాఫీలు, సోడాలు బాగానే వసూలవుతాయి. ఎంఎస్‌సీ ఇప్పుడు గాల్వెస్టన్ నుంచీ నడుపుతోంది, ఆ రేటూ ఒకసారి కనుక్కోండి.

ఇర్వింగ్ నుంచి

అన్నా, థాంక్యూ. ఇద్దరి మాటా బాగానే ఉంది. ఇప్పుడు నాకు టెన్షన్ ఇంకా పెరిగింది! మా ఆఫీసులో ఒకాయన "బాల్కనీ బుక్ చేసి సూట్‌కి బిడ్ వెయ్, చవగ్గా వచ్చేస్తుంది" అన్నాడు. అది నిజమేనా? ఇంకోటి, మా పాస్‌పోర్టుల్లో ఎల్ వీసా స్టాంపులు కొత్తవే, అమ్మానాన్నలకు పదేళ్ల బీ2 విజిటర్ వీసా ఉంది. పత్రాల విషయంలో ఇంకేమైనా చూసుకోవాలా?

బాథెల్, వాషింగ్టన్ నుంచి

తమ్ముడూ, బిడ్ సంగతి నేను చెప్తా. రాయల్‌అప్ అంటారు దాన్ని, పై గదికి ఇంత ఇస్తానని నువ్వే రేటు రాసి పంపడం. నువ్వు రాసే మొత్తం ఒక మనిషికి, గదిలో మొదటి ఇద్దరికీ పడుతుంది. 300 అని రాస్తే 600 కోస్తారు. ఒప్పుకున్నారంటే అడక్కుండానే కార్డు మీద పడిపోతుంది, వద్దంటే వెనక్కి రాదు. ఏ గది ఇస్తారో వాళ్లిష్టం. నీకు అసలు చిక్కు వేరే ఉంది. బిడ్ ఒక్కో గదికి విడిగా. మధ్యలో తలుపున్న రెండు గదులు బుక్ చేసుకున్నావనుకో, ఒకదానికి బిడ్ తగిలితే అమ్మానాన్నలు ఆరో డెక్‌లో, మీరు పదకొండులో. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఆ జూదం వద్దు.

పత్రాలకు మీకు పెద్ద ఇబ్బంది లేదు. ఐదుగురికీ పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న వీసా ఉండాలి. అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీ అని రాసి ఉందో లేదో కళ్లతో చూసుకో. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి విడిగా అక్కర్లేదు. మిగతా దేశాల సంగతి, ఏయే రేవులు ఉన్నాయో చెప్పి క్రూజ్ కంపెనీతో రాతపూర్వకంగా తెప్పించుకో, పోర్టులో ఆపేసేది వాళ్లే. ఈ గ్రూపులో స్టాంప్ గడువు అయిపోయిన హెచ్‌1బీ వాళ్లు చదువుతుంటే వాళ్లకో మాట: స్టాంప్ గడువు తీరినా వెనక్కి రానిచ్చే ఆటోమేటిక్ రివాలిడేషన్ మీకు కెనడా, మెక్సికోలకే. నౌక హోండురాస్‌లోనో బహామాస్‌లోనో ఆగితే అది పనిచెయ్యదు. సూట్ మాట తర్వాత, ముందు దాన్ని చూసుకోండి.

వచ్చే ఏడాది అలాస్కా అనుకుంటే అక్కడ మాత్రం గది మీద డబ్బు పెట్టమంటా, కానీ బాల్కనీ దాకానే. మంచుకొండల దగ్గర డెక్ మీద ఈదురుగాలి, రైలింగ్ దగ్గర జనం. మా అత్తగారు మంకీ క్యాప్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, బాల్కనీ కుర్చీలోంచే మంచు పెళ్లలు విరిగిపడటం చూశారు. చప్పుడు విన్నప్పుడల్లా "అదిగో మళ్లీ" అని మమ్మల్ని పిలవడమే పని. అక్కడ సూట్ కంటే ఏ నౌక ఎక్కామన్నది ముఖ్యం. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు క్రూజ్ నౌకలనే రానిస్తారు, రాయల్ కరీబియన్ అక్కడికి వెళ్లదు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా వాళ్ల మార్గాలు చూడు. సియాటిల్ నుంచి బయల్దేరే అలాస్కా నౌకలు ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి కాబట్టి అమ్మానాన్నలకు కెనడా వీసా ముందే తీసుకోవాలి, అది వచ్చేసరికి నెలలు పట్టవచ్చు.

కేటీ నుంచి

ఎడిసన్ తమ్ముడు చెప్పిన రద్దీ మాట నిజమే, కాదనను. అయినా దానికి విరుగుడు 4,000 డాలర్లు కాదు. పొద్దున బఫేకి బదులు మెయిన్ డైనింగ్ రూమ్‌లో కూర్చుని టిఫిన్ చెయ్యండి. టేబుల్ చూపిస్తారు, తెచ్చి వడ్డిస్తారు, ఎవరూ తోసుకోరు. చాలామందికి అది తెరిచి ఉంటుందనే తెలీదు. సాయంత్రాలు ఓయాసిస్ తరగతి నౌకల్లో సెంట్రల్ పార్క్ అని నడిమధ్యలో చెట్లూ మొక్కలతో తోట ఉంటుంది, బెంచీలు ఉంటాయి. మన పెద్దవాళ్లందరూ అక్కడే తేలతారు. మీ నాన్నగారికి అక్కడ కృష్ణా జిల్లావాళ్లు ఒకరైనా దొరక్కపోతే నన్నడుగు.

యాట్ క్లబ్ రేటు కనుక్కో, తప్పులేదు. కానీ దాన్ని రాయల్ సూట్‌తో కాదు, రెండు బాల్కనీలతో పోల్చి చూడు. నాకైతే మీ ఐదుగురికీ లోపల తలుపున్న రెండు బాల్కనీ గదులే సరి. రెండు బాత్రూములు, అమ్మానాన్నలకు విడి మంచం, పాప అటూ ఇటూ పరిగెత్తొచ్చు. మొదటి రోజు గది అటెండెంట్‌ని అడిగితే వీలున్నచోట రెండు బాల్కనీల మధ్య అడ్డు తలుపు తీసేస్తాడు, రెండూ కలిసి పెద్ద వరండా అవుతుంది. గది నంబర్ ఎంచుకునేటప్పుడు డెక్ ప్లాన్ తెరిచి లిఫ్టులు ఎక్కడున్నాయో చూడు. నాలుగైదు తలుపుల లోపు ఉండాలి, కానీ లిఫ్టుకి ఎదురుగానే వద్దు, రాత్రంతా మాటలు వినిపిస్తాయి. నౌక మధ్యలో, కింది డెక్కులు అయితే ఊగడం తక్కువ. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్ చూడు. పైన బఫే ఉంటే పొద్దున నాలుగింటి నుంచే కుర్చీలు ఈడుస్తారు.

మిగిలిన డబ్బులో కొంత ముందు అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌కి తియ్. ఇక్కడికొచ్చే విజిటర్ పాలసీ నౌక మీద, అమెరికా బయట పనిచేస్తుందో లేదో అడుగు. నౌకలో డాక్టర్ ఉంటాడు కానీ బిల్లు నేరుగా గది ఖాతాకి వేస్తారు, నువ్వు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. సముద్రం మధ్య నుంచి ఒడ్డుకి తరలించాల్సి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇవాకుయేషన్ ఉన్న పాలసీయే తీసుకో.

ఇంకోటి, ఇర్వింగ్ నుంచి గాల్వెస్టన్‌కి నాలుగున్నర, ఐదు గంటల డ్రైవ్. ఎక్కే రోజు పొద్దున బయల్దేరొద్దు, ఐ45 మీద ఒక్క యాక్సిడెంట్ చాలు. ముందురోజు మా ఇంటికి వచ్చెయ్యండి, పెద్దవాళ్లకు పడకలున్నాయి. ఏ తేదీకి వస్తారో మాత్రం ముందే చెప్పు, మా ఇంట్లోనూ జూన్‌లో ఇండియా నుంచి చుట్టాలున్నారు.

ఇర్వింగ్ నుంచి

అన్నా, అక్కా, అందరికీ చాలా థాంక్స్. ఏజెంట్‌కి ఫోన్ చేసి సూట్ వద్దన్నాను. తలుపున్న రెండు బాల్కనీలు జూన్ రెండో వారానికి తొమ్మిదో డెక్‌లో ఉన్నాయట, రేపటిదాకా పట్టి ఉంచమన్నా. పైన పదో డెక్ అంతా గదులే అని డెక్ ప్లాన్‌లో చూసుకున్నా. కేటీ అన్నా, తేదీ ఖాయం కాగానే ఫోన్ చేస్తా. గుంటూరు నుంచి అమ్మ గోంగూర పచ్చడి తెస్తోంది. నౌక ఎక్కనివ్వరన్నారు కదా, సీసా మీ ఇంట్లో దించేసి వెళ్తాం.