క్యూబ్ షెల్ఫుల్లో నాన్నగారి పుస్తకాలు సర్దొచ్చా? బరువు ఆగుతుందా?

కంటోన్మెంట్_అమ్మాయి

అందరికీ నమస్తే. మాది విజయనగరం. నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, మొన్నటిదాకా చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో పెంకుటింట్లోనే ఉండేవారు, ఇప్పుడు మా దగ్గరికి వచ్చేశారు. ఆయన బట్టలు రెండు సంచులు, పుస్తకాలు ముప్పై రెండు అట్టపెట్టెలు. లెక్కపెడితే ఏడొందల పైన ఉన్నాయి, అందులో సగం మామూలు కథలు నవలలు, మిగతావి వారపత్రికలు ఏడాది ఏడాదికి బైండు చేయించినవి, నిఘంటువులు, కావ్యాల వ్యాఖ్యానాలు, ఒక్కొక్కటీ ఇటుకంత బరువు.

మేం ఉండేది మొదటి అంతస్తు. కార్పెంటర్‌ని అడిగితే ప్లైవుడ్‌తో గోడంతా చెయ్యాలంటే ముప్పై వేలు దాటుతుందన్నాడు, ఇప్పుడు అంత పెట్టలేం. ఆన్‌లైన్‌లో గళ్ళు గళ్ళుగా ఉండే క్యూబ్ షెల్ఫులు అందులో నాలుగో వంతుకే కనిపిస్తున్నాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ ఫొటోల్లో ఒక్కో గడిలో ఓ పూలకుండీ, ఓ ఫొటోఫ్రేమ్, నాలుగు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. నిజంగా పుస్తకాలతో నింపితే ఆగుతాయా? వాడినవాళ్ళు చెప్పండి. నాన్న రోజూ ఓ పెట్టె విప్పి, చూసుకుని, మళ్ళీ తాడు కట్టేస్తున్నారు, అది చూస్తుంటే మనసు ఆగట్లేదు.

బొబ్బిలి_చదువరి

అక్కా, నేను రెండూ వాడాను కాబట్టి చెప్తున్నా. మొదట ఆన్‌లైన్‌లో రెండున్నర అడుగుల వెడల్పు అరలున్న బుక్‌రాక్ ఒకటి కొన్నా, కంపెనీ పేరు వద్దులెండి, ఏడాది తిరక్కుండా అరలన్నీ మధ్యలో ఊయల్లా దిగిపోయాయి. తర్వాత కొన్నది క్యూబ్ టైపు, చెక్క అదే రకం, అంతే పల్చన, కానీ నాలుగేళ్ళయినా వంగలేదు. కారణం వెడల్పు తక్కువ అవడమే. చెక్క అదే, నింపడం అదే అయితే అర వెడల్పు రెట్టింపు అయ్యేసరికి మధ్యలో దిగడం పదహారు రెట్లు అవుతుంది, ఇది మెకానికల్ చదివిన మా బావ కాగితం మీద వేసి చూపించాడు. క్యూబ్‌లో ప్రతి అడుగుకీ కింద ఓ నిలువు చెక్క ఉంటుంది కదా, అదే దాని బలం. కాబట్టి వంగుతుందని భయపడకండి, చూసుకోవాల్సింది వేరే ఉంది, చెక్కపని తెలిసినవాళ్ళు చెప్తారు.

పాత_పుస్తకాల_పిచ్చి

మా ఇంట్లో ఐకియా కంపెనీ వాళ్ళ కల్లాక్స్ అనే క్యూబ్ షెల్ఫు ఉంది, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కొని ఇక్కడికి వచ్చేటప్పుడు లారీలో తెచ్చుకున్నాం. వాళ్ళు ఒక్కో గడికి 13 కేజీలు అని రాసిస్తారు. గడి లోపలి కొలత సుమారు 33 సెంటీమీటర్లు, లోతు మాత్రం 39. ఇక్కడే మనం మోసపోతాం. మన తెలుగు నవల వెడల్పు 14 సెంటీమీటర్లే, అంటే ముందు వరస పెట్టాక వెనక ఇంకో వరసకి చోటు ఉంటుంది, పుస్తకాలున్నవాడు చోటు చూస్తే ఊరుకుంటాడా, పెట్టేస్తాం. ఒక వరస మామూలు నవలలు ఏడు కేజీల చుట్టూ వస్తాయి, రెండో వరస పెట్టగానే పద్నాలుగు, దాని మీద ఖాళీలో ఇంకో నాలుగు అడ్డంగా పెడితే ఇక చెప్పక్కర్లేదు. నేను వెనక వరసలో చోటు లేకుండా పాత థర్మాకోల్ ముక్కలు కోసి పెట్టాను, పుస్తకాలు కూడా ముందుకొచ్చి కనిపిస్తున్నాయి.

నున్నగా మెరిసే ఆర్ట్ పేపర్ పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు ఉంటే మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. ఆ కాగితం మామూలు కాగితం కంటే చాలా బరువు.

చెక్కపని_శ్రీకాకుళం

మేడమ్, ఏటంటే, ఈ షెల్ఫులు మధ్యలో ఇరగవు, జాయింట్ల దగ్గర ఊడతాయి. అడ్డచెక్క ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే ముక్కగా ఉందా, లేకపోతే ప్రతి గడికీ చిన్న ముక్క పెట్టి చెక్క మేకుల మీద నిలబెట్టారా, కొనే ముందు ఫొటోలు పెద్దవి చేసి చూడండి. ఒకటే ముక్కయితే బరువు నిలువు చెక్కల మీంచి తిన్నగా నేలకి దిగిపోతాది. చిన్న ముక్కలైతే మొత్తం భారం ఆ వేలెడంత మేకులదే. అలగే వెనక అట్ట లేని షెల్ఫు పక్కకి వాలిపోతాది, నిండా బరువు పెట్టినప్పుడు మరీను. గోడకి ఎల్ ఆకారం ఇనుప క్లాంపులు, గోడ కన్నంలో దూర్చే ప్లాస్టిక్ రావల్ ప్లగ్గులతో బిగించకుండా వాడొద్దు, పిల్లలుంటే అసలు వాడొద్దు.

రెండోది నీళ్ళు. పార్టికల్ బోర్డంటే చెక్కపొట్టు జిగురుతో కలిపి నొక్కింది. తడి తగిలితే ఉబ్బుతాది, ఉబ్బింది మళ్ళీ తగ్గదు, అక్కడ స్క్రూ పట్టదు. 2014లో హుద్‌హుద్ వెళ్ళాక, 2018లో తిత్లీ వెళ్ళాక మా షాపుకి వచ్చిన సామాన్లలో ప్లైవుడ్‌వి చాలా మటుకు బాగుచేశాను, బోర్డువి ఒక్కటీ నిలబెట్టలేకపోయాను, ఇప్పటికీ అవి గుర్తొస్తే బాధే. తుఫాను దాకా ఎందుకు, రోజూ తడిగుడ్డతో ఇల్లు తుడుస్తారు కదా, కింద అంచు ఆ నీళ్ళే తాగుతాది. గ్రానైట్ షాపులో మిగులు ముక్కలడిగితే ఊరికే ఇస్తారు, నాలుగైదు తెచ్చి కింద పెట్టండి, అంగుళం లేస్తే చాలు. వెనక గోడకీ అంగుళం ఖాళీ వదలండి, క్లాంపు దగ్గర మాత్రం చెక్కముక్క ఎడం పెట్టి బిగించండి.

ఎప్పటికైనా చేయిస్తే మాత్రం 18 ఎంఎం ప్లైవుడ్, ఐఎస్ 710 మార్కు చూసి తీసుకోండి, అది నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం. 303 మార్కులో ఎంఆర్ రకం అంటే మామూలు తేమకి ఓర్చుకునేది, నీళ్ళకి కాదు.

కంటోన్మెంట్_అమ్మాయి

అందరికీ చాలా థాంక్సండి. నిన్న సాయంత్రం నేనూ నాన్నా కూర్చుని తూకం వేశాం. నేల మీద చాక్‌పీస్‌తో 33 సెంటీమీటర్లు గీసి, అందులో పట్టినన్ని పుస్తకాలు సంచిలో వేసుకుని, బరువు చూసే మిషన్ మీద నిలబడి నా బరువు తీసేశాం. కథల పుస్తకాలు ఒక వరస 7 కేజీల 200 గ్రాములు. పత్రికల బైండ్లు 13 కేజీల 400. నిఘంటువులు 15 దాటాయి. అంటే నవలలకి క్యూబ్ హాయిగా సరిపోతుంది, బైండ్లకి సరిపోదు, నిఘంటువుల సంగతి చెప్పక్కర్లేదు. నాన్న ఒక్కో పుస్తకం ఎక్కడ కొన్నారో చెప్తూ ఉంటే గంట పని నాలుగు గంటలైంది, కానీ ఆయన అంతసేపు మాట్లాడి చాలా రోజులైంది.

ఇంకో భయం, ఇవన్నీ ఒకే గోడకి పెడితే శ్లాబుకి ఏమైనా అవుతుందా అని అమ్మ అడుగుతోంది.

సైట్_ఇంజనీరు_విజీనగరం

అమ్మగారికి భయం లేదని చెప్పండి. ఇళ్ళ గదుల శ్లాబు చదరపు మీటరుకి 200 కేజీల లెక్కన మొత్తం గదికి డిజైన్ చేస్తారు, అంటే పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గదికి రెండు టన్నుల పైనే. మీ పుస్తకాలన్నీ కలిపినా అందులో సగం దాటవు. పైగా గోడవారన పెడుతున్నారు, ఎక్కువగా బీము ఉండేదీ అక్కడే. గది నడిమధ్యలో మాత్రం గుట్టగా పెట్టొద్దు, పాత ఇల్లైతే, శ్లాబు చెమ్మ పట్టి పెచ్చులూడుతుంటే ముందు ఎవరికైనా చూపించండి.

ఉద్దానం_నుంచి

బరువైనవాటికి ఇనుప స్లాటెడ్ యాంగిల్ రాక్ చూడండి మాస్టారి కోసం, కిరాణా కొట్లలో పంచదార బస్తాలు పెట్టేవి అవే. మేం అలాంటి రాక్‌కి ఇనుప అరల బదులు మా తోటలో పడిపోయిన పనస మాను కోయించి ఆ పలకలు వేశాం, పసుపు రంగులో ఎంత బాగుంటాయో, చెద కూడా అంత తొందరగా ముట్టదు. కోయించిన పలక ఓ ఏడాది నీడలో ఆరాలి, పచ్చి చెక్క వేస్తే మెలి తిరిగిపోతాది. రాక్ కాళ్ళకి రబ్బరు బూట్లు తొడగండి, లేకపోతే తుప్పు మరకలు టైల్స్‌కి పట్టేస్తాయి.

కంటోన్మెంట్_అమ్మాయి

తేల్చేశామండి. 16 గళ్ళ క్యూబ్ షెల్ఫు, అడ్డచెక్క ఒకటే ముక్క ఉన్నది చూసి ఆర్డర్ పెట్టాం, కథలూ నవలలూ ఒక్క వరసే, వెనక థర్మాకోల్. బైండ్లకీ నిఘంటువులకీ మూడడుగుల ఇనుప రాక్, అట్టడుగు అరలో నిఘంటువులు. పనస పలకలు ఇప్పుడు దొరకవు కాబట్టి ప్లైవుడ్ ముక్కలు వేయిస్తున్నాం, 710 మార్కువే. గ్రానైట్ ముక్కలు ఆరు తెచ్చారు మా ఆయన. ఆదివారం గోడకి డ్రిల్ చేసేవాళ్ళు వస్తారు. నాన్న అప్పుడే వరసలు కాగితం మీద రాసుకుంటున్నారు, ఏ గడిలో ఏవి ఉండాలో. అట్టపెట్టెల తాళ్ళు మాత్రం ఇంకా పారెయ్యనివ్వలేదు.