డిశ్చార్జి బుక్కులో లేని పతకాన్ని సర్వీసు రికార్డులో చేర్పించడం ఎలా?

అల్వాల్ వాసి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1966లో సైన్యంలో సిపాయిగా చేరి, 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసి, ఆ తర్వాత హవల్దారు హోదాలో పెన్షన్ మీద ఇంటికి వచ్చారు. ఆయన డిశ్చార్జి బుక్కులో పతకాల పేజీ చూస్తే సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం, తొమ్మిదేళ్ల దీర్ఘసేవా పతకం నమోదై ఉన్నాయి కాని, తూర్పు యుద్ధరంగంలో పనిచేసిన వారికి ఇచ్చే పూర్వీ స్టార్ మాత్రం లేదు. అదే యూనిట్లో ఆయనతో పాటు పనిచేసిన మిత్రుల పుస్తకాల్లో అది ఉంది. యుద్ధానికి కొద్ది వారాల ముందు నాన్నగారిని అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా, వేరే యూనిట్‌కు పంపారు. సరిహద్దు దాటి వెళ్లింది ఆ యూనిట్‌తోనే. నమోదు జారిపోవడానికి అదే కారణమై ఉంటుందని ఆయన అనుమానం.

బజారులో నమూనా పతకాలు దొరుకుతాయి కదా, ఒకటి కొని పెట్టుకోమని బంధువులు చెప్పారు. రికార్డులో లేనిదాన్ని ఛాతీ మీద పెట్టుకోనని ఆయన అన్నారు. ఆ మాటను నేను గౌరవిస్తున్నాను, అందుకే రికార్డునే సరిచేయించాలని పూనుకున్నాను. ఎవరికి రాయాలి, ఏమి జతచేయాలి, ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా సరిదిద్దుతారా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

మాజీ హెడ్ క్లర్క్, తిరుమలగిరి:

బాబూ, నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను యూనిట్ ఆఫీసులోను, ఆ తర్వాత రికార్డ్ ఆఫీసులోను పనిచేశాను కాబట్టి ఈ వ్యవహారం లోపలి నుంచి ఎలా నడుస్తుందో కొంత వివరంగా రాస్తాను.

పతకం విషయంలో మూడు దశలున్నాయి. మొదటిది అర్హత, అంటే ఆ పతకానికి నిర్దేశించిన ప్రాంతంలో, నిర్దేశించిన కాలంలో మనిషి పనిచేసి ఉండటం. రెండోది నమోదు, యూనిట్ ఆ విషయాన్ని పార్ట్ టూ ఆర్డరులో (సిబ్బంది వివరాల అధికారిక ప్రకటనలో) ప్రచురించి రికార్డ్ ఆఫీసుకు పంపితే, అక్కడ షీట్ రోల్‌లో, అంటే ఆ సైనికుడి సర్వీసు వివరాల పత్రంలో, రాసుకుంటారు. మూడోది పతకం చేతికి అందటం. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి "మా నాన్నకు పతకం ఇవ్వలేదు" అని ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం చదివిన గుమాస్తాకు మీ ఇబ్బంది ఏ దశలో ఉందో అర్థం కాదు. రికార్డులో నమోదు ఉండి పతకం అందని వారు మన దేశంలో చాలామంది ఉన్నారు, ఎందుకంటే పతకాల తయారీ ఏళ్ల తరబడి వెనకబడి నడిచింది. వారి దరఖాస్తు వేరు. మీది రెండో దశలో జరిగిన లోపం.

సైనికుడి జీవితంలో రికార్డుకు ఎక్కవలసిన ప్రతి సంఘటన, అంటే పెళ్లి, పిల్లల పుట్టుక, ప్రమోషన్, పోస్టింగ్, గాయం, పతకం, అన్నీ పార్ట్ టూ ఆర్డరు ద్వారానే ఎక్కుతాయి. ఆ ఆర్డరు ప్రచురణ కాకపోతే, మనిషి యుద్ధభూమిలో ఎంత చెమటోడ్చినా కాగితం మీద ఆ పని జరగనట్టే ఉంటుంది. అటాచ్‌మెంట్ మీద వెళ్లిన వారికి ఇది తరచుగా జరిగేది. యుద్ధంలోకి తీసుకువెళ్లిన యూనిట్, ఇతను మన బలగంలోని వాడు కాదు, సొంత యూనిట్ రాసుకుంటుందని అనుకునేది. సొంత యూనిట్ తన పేర్ల జాబితా పంపేటప్పుడు ఇతను తమ దగ్గర లేడు కాబట్టి వదిలేసేది. ఆసుపత్రిలో ఉన్నవారికి, పతకం ప్రకటించేలోపే పోస్టింగ్ మీద కదిలిపోయిన వారికి కూడా ఇదే జరిగింది. కనుక నాన్నగారి అనుమానంలో బలం ఉంది.

సంగ్రామ్ మెడల్ ఉండి పూర్వీ స్టార్ లేకపోవడం కూడా ఆ అనుమానానికి సరిపోతుంది. సంగ్రామ్ మెడల్‌కు సరిహద్దు రాష్ట్రాలతో కూడిన విశాలమైన ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి సొంత యూనిట్ లెక్కల్లోనే ఆయనకు అది వచ్చి ఉంటుంది. పూర్వీ స్టార్ బంగ్లాదేశ్ యుద్ధరంగంలో పనిచేసిన వారికి, పశ్చిమీ స్టార్ పశ్చిమ రంగంలో పనిచేసిన వారికి. అంటే మీరు నిరూపించవలసినది ఒక్కటే: 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు నాన్నగారు ఏ యూనిట్‌తో, ఎక్కడ ఉన్నారు. ఆయన ధైర్యసాహసాల గురించి దరఖాస్తులో రాయకండి. తేదీ, చోటు, యూనిట్, ఈ మూడే రాయండి.

దరఖాస్తు వెళ్లవలసింది ఆయన రెజిమెంటు లేదా కోర్‌కు చెందిన రికార్డ్ ఆఫీసుకు. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లు), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి) కోర్ల వారికి అది మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్ క్యాంపు, సిగ్నల్స్ వారికి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటు వారికి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్ అయితే ఢిల్లీలోని సుబ్రతో పార్క్. ఆఫీసర్ల కాగితాలు రెజిమెంటు రికార్డ్ ఆఫీసుల్లో ఉండవు, ఢిల్లీలోని ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో ఉంటాయి. సోమాజిగూడలోని సైనిక సంక్షేమ కార్యాలయం వారు కవరింగ్ లెటరు ఇచ్చి పంపుతారు, అది మంచిదే. కాని సరిదిద్దే అధికారం వారికి లేదు. స్పర్శ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఎదురుచూడటం కూడా దండగ, ఎందుకంటే అది పెన్షన్ చెల్లింపు వ్యవస్థ.

సైనిక్‌పురి సుబేదార్:

అన్నగారు చెప్పినదంతా సరైనదే. అయితే దరఖాస్తు కంటే ముందు సమాచార హక్కు చట్టం కింద అడగడం మేలని నా అనుభవం చెబుతోంది. పది రూపాయల ఫీజుతో షీట్ రోల్ నకలు, 1971 నాటి పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నా విషయంలో షీట్ రోల్ నకలు చేతికి వచ్చాకే అసలు సంగతి తెలిసింది. పార్ట్ టూ ఆర్డరు సవ్యంగానే ప్రచురణ అయింది, రికార్డులోకి ఎక్కించేటప్పుడు వదిలేశారు. ఆ ఆర్డరు నంబరు, తేదీ రాసి పంపగానే మరే రుజువూ అడగకుండా సరిచేశారు.

మాజీ హెడ్ క్లర్క్, తిరుమలగిరి:

సుబేదార్ సాబ్, మీ పద్ధతిని కాదనను. కాని సమాచార హక్కు కింద ఉన్న కాగితం నకలు ఇస్తారు, లేని నమోదు చేర్చరు. వయసు మళ్లిన వారి విషయంలో సమాచారం వచ్చేవరకు దరఖాస్తు ఆపితే కాలం గడిచిపోతుంది. రెండూ ఒకేసారి పంపి, దరఖాస్తులో "ఫలానా తేదీన సమాచారం కూడా కోరాను, అది రాగానే జతపరుస్తాను" అని ఒక వాక్యం చేర్చమంటాను.

మరో విషయం ఇక్కడే చెప్పాలి. పెన్షన్ లేకుండా బయటికి వచ్చిన వారి సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేయడానికి నిబంధనలు అనుమతిస్తాయి. కాబట్టి అటువంటి కుటుంబాలకు "కాగితాలు లేవు" అని జవాబు వస్తే అది అబద్ధమని కోప్పడకుండా, లాంగ్ రోల్ నకలు అడగాలి. లాంగ్ రోల్ అన్నది అందరి పేర్లూ చేరిక, విడుదల వివరాలతో ఉండే పెద్ద రిజిస్టరు, దాన్ని పారేయరు. అల్వాల్ బాబు నాన్నగారు పెన్షనరు కాబట్టి ఆయన కాగితాలు ఉండే అవకాశం బాగా ఎక్కువ.

మల్కాజిగిరి గృహిణి:

మాది వేరే రకమైన ఇబ్బంది, అయినా ఇక్కడ చెబితే ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మా వారికి సేనా మెడల్ శౌర్య విభాగంలో వచ్చింది. గెజిట్‌లో పేరు ముందు, ఇంటిపేరు తర్వాత అచ్చయింది. సర్వీసు రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంది. రిటైరయ్యేటప్పుడు పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) తయారుచేసిన వారు ఈ రెండు పేర్లూ ఒకరివేనని నిర్ధారించుకోలేక శౌర్య భత్యాన్ని వదిలేశారు. 2017 ఆగస్టు 1 నుంచి ఆ భత్యం నెలకు 2,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచినా, పిల్లల చదువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు పాటించే ప్రాధాన్యాల వరసలో శౌర్య పతకం పొందిన వారి పిల్లలది ఐదో స్థానం, మామూలు మాజీ సైనికుల పిల్లలది ఆరో స్థానం. మా అమ్మాయి కౌన్సెలింగ్ సమయంలో ఆ ఒక్క మెట్టు తేడా ఎంతటిదో మాకు తెలిసింది.

మమ్మల్ని గట్టెక్కించింది ఆర్మీ నంబరు. గెజిట్‌లో పేరుతో పాటు నంబరు, హోదా, యూనిట్ కూడా అచ్చవుతాయి. పతకం అంచు మీద కూడా నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. గెజిట్ ప్రకటన నకలు, పతకం అంచు స్పష్టంగా కనిపించే ఫొటో, రెండు పేర్లూ ఒకరివేనన్న నోటరీ అఫిడవిట్ కలిపి పంపితే రికార్డ్ ఆఫీసు వారు ఒప్పుకుని సిఫారసు చేశారు, ఆ తర్వాత సవరణ పీపీఓ వచ్చింది. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో ఈ తడబాటు ఇంకెంతమందికి జరిగిందో! పతకాలు ఉన్నవారు ఒకసారి అంచు చూసి, రికార్డులోని పేరుతో పోల్చుకోవాలని కోరుతున్నాను.

బొల్లారం మాజీ నాయక్:

నేను శ్రీలంకలో శాంతి పరిరక్షక దళంతో పనిచేశాను. ఆ దళం చేపట్టిన ఆపరేషన్ పవన్‌కు వెళ్లిన వారికి ప్రత్యేక సేవా పతకం శ్రీలంక క్లాస్ప్‌తో, అంటే రిబ్బన్ మీద ఆ పేరున్న పట్టీతో, వస్తుంది. నా రికార్డులో క్లాస్ప్ పేరు లేకుండా పతకం ఒక్కటే రాశారు. పతకం ఉంది కదా, క్లాస్ప్‌తో పనేమిటని తోటివారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ పతకం వేర్వేరు చోట్ల చేసిన సేవకు వేర్వేరు క్లాస్ప్‌లతో ఇస్తారు కాబట్టి, క్లాస్ప్ లేకపోతే నేను ఎక్కడ పనిచేశానో రికార్డు చెప్పదు. అక్కడ మా పక్కనే ఒరిగిపోయిన వారు ఉన్నారు. ఆ నేల పేరు నా కాగితంలో ఉండాలని నా పట్టుదల. వెళ్లిన, తిరిగి వచ్చిన తేదీలతో ఉన్న మూవ్‌మెంట్ ఆర్డరు నకలు నేను దాచుకున్నాను, దానితోనే పని జరిగింది.

అల్వాల్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మూవ్‌మెంట్ ఆర్డరు మా ఇంట్లో దొరకలేదు. కాని నాన్నగారు ఆ రోజుల్లో మా నాయనమ్మకు రాసిన ఇన్లాండ్ ఉత్తరాలు మా మేనత్త పెట్టెలో దొరికాయి. పంపినవారి చిరునామాలో ఆయన నంబరు, హోదా, అటాచ్‌మెంట్ మీద వెళ్లిన యూనిట్ పేరు, కేరాఫ్ 99 ఏపీఓ అని ఉన్నాయి. ఒకదాని మీద డిసెంబరు తేదీతో ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర కూడా చదవడానికి వీలుగా ఉంది. ఇవి రుజువుగా పనికొస్తాయా?

మాజీ హెడ్ క్లర్క్, తిరుమలగిరి:

చాలా మంచి ఆధారం దొరికింది. 99 ఏపీఓ తూర్పు ప్రాంతపు సైనిక తపాలా కాబట్టి ఆయన పశ్చిమాన లేరని అది చెబుతుంది. అంతకంటే విలువైనది ఆ ఉత్తరం మీద ఆయన స్వహస్తంతో రాసిన యూనిట్ పేరు, ముద్ర మీద ఉన్న తేదీ, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు. ఇవి మాత్రమే చాలవు, ఎందుకంటే తూర్పున ఉన్న ప్రతివారూ యుద్ధరంగంలో ఉన్నట్టు కాదు. వీటిని పట్టుకుని ఆ యూనిట్ వార్ డైరీలో (యుద్ధకాలపు రోజువారీ నమోదు పుస్తకంలో) సరిచూడమని కోరాలి. యుద్ధకాలపు వార్ డైరీలు రక్షణ మంత్రిత్వ శాఖ చరిత్ర విభాగానికి చేరుతాయి. 2021లో రక్షణ మంత్రి ఆమోదించిన విధానం ప్రకారం మామూలుగా 25 ఏళ్లు దాటిన రికార్డుల గోప్యతను తొలగించాలి. డైరీలో అటాచ్‌మెంట్ మీద వచ్చిన ప్రతి మనిషి పేరూ ఉంటుందని ఆశించకండి. యూనిట్ ఏ రోజున ఎక్కడుందో అది చెబుతుంది, ఆ రోజున నాన్నగారు ఆ యూనిట్‌లో ఉన్నారని ఉత్తరం చెబుతుంది. రెండూ కలిస్తేనే అర్హత నిలబడుతుంది. అప్పటి సహచరుల్లో జీవించి ఉన్నవారు తమ నంబరు, హోదా రాసి అఫిడవిట్ ఇస్తే మరింత బలం. ఉత్తరాల అసలు ప్రతులను మాత్రం ఎవరికీ పంపకండి.

హైకోర్టు న్యాయవాది, సైనిక కుటుంబం:

రికార్డ్ ఆఫీసు తిరస్కరిస్తే ఏమిటన్నది ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణ వారికి చెన్నై ప్రాంతీయ బెంచి పరిధి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల లోపు దరఖాస్తు వేయాలి, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అయితే ముందుగా శాఖాపరమైన మార్గాలను వినియోగించుకున్నారా అని తప్పక అడుగుతారు. అందువల్ల నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లమని ఎవరైనా తొందరపెడితే వినకండి. రికార్డ్ ఆఫీసు నుంచి వచ్చే జవాబు "చేయలేము" అన్న నోటిమాటగా కాక, కారణం చూపిన రాతపూర్వక ఉత్తర్వుగా ఉండేట్టు చూసుకోండి. ఫోనులో విన్న తిరస్కారానికి న్యాయస్థానంలో విలువ ఉండదు.

మల్కాజిగిరి గృహిణి:

న్యాయవాది గారూ, సైనికుడు కాలం చేసిన ఇళ్లలో ఎవరు దరఖాస్తు చేయాలి?

హైకోర్టు న్యాయవాది, సైనిక కుటుంబం:

భార్య జీవించి ఉంటే ఆమె చేయడమే సులువు, ఆమె పేరు ఇప్పటికే రికార్డులోను, కుటుంబ పెన్షన్ కాగితాల్లోను ఉంటుంది కనుక. తల్లిదండ్రులిద్దరూ లేకపోతే పిల్లలు మరణ ధ్రువపత్రంతో పాటు మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. తోబుట్టువుల అంగీకారపత్రం కూడా పెడితే పతకం ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న తర్వాత తలెత్తదు.

అల్వాల్ వాసి:

దరఖాస్తు సిద్ధం చేశాను. డిశ్చార్జి బుక్కు అన్ని పేజీల నకళ్లు, పీపీఓ, ఉత్తరాల రంగు నకళ్లు, నాన్నగారి మిత్రుల అఫిడవిట్లు జతచేశాను. సమాచార హక్కు దరఖాస్తు విడిగా వేస్తున్నాను. రెండూ నా సంతకంతో రేపు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా పంపుతున్నాను.

మాజీ హెడ్ క్లర్క్, తిరుమలగిరి:

ఆగండి బాబూ, మీ సంతకంతో పంపవద్దు. నాన్నగారు జీవించి ఉండగా కుమారుడు రాసిన ఉత్తరం మూడో వ్యక్తి ఉత్తరం అవుతుంది. సమాచార హక్కు దరఖాస్తునైతే వ్యక్తిగత సమాచారమని చెప్పి అక్కడే ఆపేయవచ్చు. రెండింటినీ ఆయన పేరుతోనే మార్చి రాయించి, పైభాగంలో ఆర్మీ నంబరు, హోదా, పేరు డిశ్చార్జి బుక్కులో ఉన్నది ఉన్నట్టుగా వేసి, ఆయన చేత సంతకం చేయించండి. సర్వీసులో చేసిన సంతకానికి ఇప్పటి సంతకం తేడాగా ఉంటే బ్యాంకు మేనేజరు చేత ధ్రువీకరింపజేయండి. మీ ఫోను నంబరు మాత్రం సంప్రదింపుల కోసం కింద రాయండి.