క·గ = చ³ మీద ఆర్క్‌ల కాంపొనెంట్లు రెండే ఎందుకు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను, సెలవులకి ఇంటికొచ్చి ఆర్క్ స్పేస్‌లు సొంతంగా చదువుకుంటున్నా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు లెక్కలన్నీ ఇంగ్లీషులో, అందుకే ఒక్కసారి తెలుగులో అడిగితే బుర్రకెక్కుతుందని ఇక్కడ రాస్తున్నా. క·గ = చ³ ఉపరితలానికి మూలబిందువు దగ్గర సింగులారిటీ (నునుపు చెడే బిందువు) ఉంది. దాని గుండా పోయే ఆర్క్ అంటే క, గ, చ మూడూ త లో పవర్ సిరీస్‌లు, త = 0 దగ్గర మూడూ సున్నా. క, గ ల ఆర్డర్లు (సిరీస్‌లో త కి ఉన్న అతి చిన్న ఘాతాలు) కలిపితే 3 తో భాగం పోవాలి, కాబట్టి (1,2), (2,1), (3,3), (1,5) ఇలా ఎన్ని జతలైనా వస్తాయి. ఈ ఆర్క్‌లన్నీ కలిసిన స్పేస్‌కి కాంపొనెంట్లు (ఇంక విడగొట్టలేని ముక్కలు) మాత్రం రెండే అంటున్నారు. మరి (3,3) ఏమైనట్టు? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు (జయపురం)

చెల్లీ, (3,3) ఎక్కడికీ పోలేదు, (1,2) గుంపు అంచునే ఉంది. క = త³, గ = త³, చ = త² తీసుకో. ఇప్పుడు స అనే సంఖ్యని తెచ్చి క = త(త+స)², గ = త²(త+స), చ = త(త+స) అని రాసి గుణించి చూడు, సమీకరణం చెడదు. స సున్నా కానంతవరకు అది (1,2) ఆర్క్, సున్నా అయితే నీ (3,3). మిగతా (3,3) ఆర్క్‌లకీ ఇదే పని చేస్తుంది, సున్నా కాని స్థిరపదం ఉన్న సిరీస్‌లతో గుణించుకోవడమే తేడా.

జవాబు (సిరోంచ)

పైన చెప్పింది సరైనదే బిడ్డా, దాని వెనకున్న కోన్‌ని (ఇక్కడ రెండు ఆర్డర్లూ సున్నాకి తగ్గని ప్రాంతాన్ని) కూడా చూడు. టోరిక్ వెరైటీ (మన ఉపరితలం లాంటిది) మీద, టోరస్ (ఇక్కడ క, గ, చ ఏదీ సున్నా కాని భాగం) బయటే పూర్తిగా ఉండిపోని ప్రతి ఆర్క్ కోన్‌లో ఒక లాటిస్ పాయింట్‌ని (ఇక్కడ నువ్వు రాసిన ఆర్డర్ల జతని) ఇస్తుంది. పెద్ద పాయింట్‌లోంచి చిన్నదాన్ని తీసేస్తే మిగిలేది కూడా కోన్‌లోనే ఉంటే, పెద్దదాని ఆర్క్‌లు చిన్నదాని ఆర్క్‌ల లిమిట్లు అవుతాయి. అందుకే రెండు ఆర్డర్లూ సున్నా కాని పాయింట్లలో అన్నిటికన్నా కింద ఉన్నవే లెక్కకొస్తాయి, ఇక్కడ (1,2), (2,1). మినిమల్ రిజల్యూషన్‌లో (సింగులారిటీని వీలైనంత పొదుపుగా నునుపు చేస్తే) ఆ బిందువు స్థానంలో వచ్చే ఎక్సెప్షనల్ కర్వ్‌లూ రెండే, అది కాకతాళీయం కాదు. ఆర్క్‌ల కాంపొనెంట్లు, ప్రతి రిజల్యూషన్‌లోనూ తప్పక వచ్చే ఎక్సెప్షనల్ భాగాలు ఒకదానికొకటి సరిగ్గా జతపడతాయా అన్నదే గణితవేత్త జాన్ నాష్ 1968లో అడిగిన ప్రశ్న, ఆ వ్యాసం అచ్చయింది మాత్రం 1995లో. టోరిక్ వెరైటీలకి ఏ డైమెన్షన్‌లోనైనా జవాబు అవునని ఇషీ, కొల్లార్ 2003లో చూపించారు, అదే వ్యాసంలో నాలుగు డైమెన్షన్లలో టోరిక్ కానిదానికి కాదు అనే ఉదాహరణ కూడా ఇచ్చారు. నాకు ఆ వ్యాసం అంటే ప్రాణం.

పర్లాకిమిడి నుంచి మళ్ళీ

అన్నయ్యా, గుణించి చూశాను, కుదిరింది! 3 బదులు 4 పెడితే (1,3), (2,2), (3,1) మూడు వచ్చాయి. ఇంకొక్కటే, (1,5) ని (2,1) వైపు నుంచి చేరుకోలేమా?

జయపురం

లేము చెల్లీ. తీసివేస్తే (−1,4), కోన్ బయట పడింది. (2,1) గుంపులో క ఆర్డర్ 2, లిమిట్‌కి పోతే ఆర్డర్ పెరుగుతుందే గాని తగ్గదు, (1,5) లో అది 1. (1,2), (2,1) ఒకదాన్నొకటి మింగకుండా విడిగా నిలబడింది కూడా అందుకే.