ఐక్యతా గీతాలు నిజంగా జనాన్ని కలుపుతాయా? లేక ఏడాదికోసారి మోగే మొక్కుబడేనా?

కొత్తపేట కుర్రోడు:

ఆగస్టు 15 వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ (నా స్వరం, నీ స్వరం కలవాలి అనే పాట) వీడియో పడుతుంది. కింద వరసగా దండాలు, జెండాలు, కళ్లనీళ్ల బొమ్మలు. మొన్న ఆ వీడియో పడటానికి వారం ముందు అదే గ్రూపులో నడిచిన రచ్చ ఏంటంటే, ఖాళీ అయిన ఫ్లాటు మాంసం వండుకునేవాళ్లకు అద్దెకివ్వాలా వద్దా అని. వద్దని గట్టిగా పట్టుబట్టినాయనే వీడియో పెట్టాడు.

అందుకే సూటిగా అడుగుతున్నా. శాంతి, సమైక్యత అంటూ వచ్చిన ఈ పాటల వల్ల ఎక్కడైనా ఎవరైనా కలిశారా? మిలే సుర్‌నే తీసుకోండి. 1988 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రసంగం అయ్యాక దూరదర్శన్‌లో మొదటిసారి వేశారు. సుమారు 6 నిమిషాలు, 14 భాషలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నారు. అయినా మతకలహాలు ఆగాయా? 1989 అక్టోబరులో భాగల్పూర్, 1990 డిసెంబరులో మన హైదరాబాద్ పాతబస్తీ, 1992 సంగతి చెప్పనక్కర్లేదు. పాట దారి పాటదే, కత్తుల దారి కత్తులదే. పైగా దాన్ని తయారుచేసింది ప్రకటనల కంపెనీ వాళ్లు. ఆలోచన సురేశ్ మల్లిక్‌ది, మాటలు పీయూష్ పాండేవి. సబ్బు అమ్మిన చేత్తోనే సమైక్యత అమ్మారు. సబ్బుకైతే కనీసం నురగ వస్తుంది.

పాత రేడియో:

కుర్రోడు గారూ, రాజ్యాంగం వచ్చాక కూడా అల్లర్లు ఆగలేదండీ. దాన్నీ దండగ అందామా? పోలీసులు, నాయకులు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఆ నేరం పాట మీద వేస్తారేంటి?

ప్రకటనల వాళ్లు చేశారు కాబట్టి నకిలీ అన్నారు. నేను ఒప్పుకోను. ముందు ఆ పాట కట్టిన తీరు చూడండి. భీమ్‌సేన్ జోషి భైరవిలో ఎత్తుకుంటారు. హిందుస్తానీ కచేరీలు చాలావరకు ఆ రాగంతోనే ముగుస్తాయి. మన వైపు దానికి దగ్గర చుట్టం సింధుభైరవి. కచేరీ చివర్లో తుక్కడాలు, అంటే చిన్న చిన్న తేలికపాటి పాటలు, పాడే సమయానికి అదీ వస్తుంది. అంటే ఉత్తరాది చెవికీ దక్షిణాది చెవికీ ముందే తెలిసిన దారి అది. ఎవరి భాషలో వాళ్లు అదే మాట పాడుతుంటే ఎక్కడా అతుకు కనపడదు. సంగీతం కూర్చిన అశోక్ పట్కీ, లూయిస్ బ్యాంక్స్ చేసిన పని అది, ఊరికే జెండా ఊపడం కాదు.

తమిళ భాగం దగ్గరకు రండి. పాడింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. పుట్టింది కోనసీమలో శంకరగుప్తం. ఇంట్లో మాట తెలుగు, ఉన్నది మద్రాసు, పాటలో పాడింది తమిళం. ఏ తమిళుడూ నువ్వెవడివి అనలేదు, ఏ తెలుగువాడూ అటెందుకు పోయావు అనలేదు. ఆ తర్వాత కన్నడం, దాని వెనకే తెలుగు. కొన్ని సెకన్లే. వీధిలో ఒకే టీవీ ఉన్న రోజులు. పిల్లలం నేల మీద కూర్చుని ఆ ముక్క కోసం కాచుకునేవాళ్లం, రాగానే ‘మనది, మనది’ అని ఒకటే అరుపులు. కానీ ఆ ముక్క కోసం కూర్చున్నందుకే కాశ్మీరీ, అస్సామీ, ఒడియా కూడా వినాల్సి వచ్చింది. అస్సామీ అనే భాష నా చెవిన పడటం అదే మొదలు. ఇది మీకు చిన్న విషయమా?

వరంగల్ వాకిలి:

రేడియో సార్, ‘మనది, మనది’ అన్నరు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ 14 భాషల్లో తమ భాష లేని పిల్లలు ఎవరి కోసం కాచుకోవాలి? మా జిల్లాల్లో లంబాడీ తండాలున్నయి, ఆదిలాబాద్‌లో గోండులున్నరు. వాళ్ల ముక్క ఎక్కడుంది? అప్పటికి రాజ్యాంగంలోని భాషల పట్టిక, ఎనిమిదో షెడ్యూల్‌లో 15 భాషలు, సంస్కృతం తీసేస్తే 14. ప్రభుత్వం పట్టికలో ఉన్నవాళ్లే పాటలోకి వచ్చిండ్రు. కొంకణి, మణిపురి, నేపాలీ షెడ్యూల్‌కు ఎక్కింది 1992లో. బోడో, సంతాలీ అయితే ఇంకా పదేళ్లు ఆగాలె.

ఢిల్లీ దాకా ఎందుకు, మన ఇంట్లో పాటనే చూడండి. ‘మా తెలుగు తల్లికి’. శంకరంబాడి సుందరాచారి గారు 1942లో ‘దీనబంధు’ సినిమా కోసం రాసిండ్రు, టంగుటూరి సూర్యకుమారి గారి గొంతుతో ఇంటింటికీ పోయింది. పాట బాగుంటది, కాదనను. చిన్నప్పుడు బళ్లో నేనూ పాడిన. కానీ తెలంగాణ ఉద్యమం నాటికి ఆ పాట మొదలైతే మా దగ్గర కొందరు కూర్చునే ఉండిపోయేటోళ్లు. గోదారి, కృష్ణ, అమరావతి, త్యాగయ్య, తిక్కన, తిమ్మరుసు, కృష్ణరాయలు అని వరసగా చెప్తుంటే మావాళ్లు వెతుక్కునేది, ఇందులో మేమెక్కడ అని. ఆ వెలితిలోంచే అందెశ్రీ గారి ‘జయ జయహే తెలంగాణ’ వచ్చింది. ఐక్యతా గీతం అంటేనే ఎవరో గీత గీసి, లోపల ఉన్నోళ్లను మాత్రం కలవమన్నట్టు.

పాత రేడియో:

వాకిలి గారూ, మీరు చెప్పిన వరసలో ఒక పేరు వదిలేశారు. రుద్రమ్మ. ఓరుగల్లు రుద్రమ ఆ పాటలోనూ ఉంది, అందెశ్రీ గారి పాటలోనూ ఉంది. ఆస్తులు, నీళ్లు, ఉద్యోగులు అన్నీ పంచుకున్నాం గానీ ఆవిడను పంచమని ఏ కమిటీ ముందుకూ ఎవరూ వెళ్లలేదు.

వరంగల్ వాకిలి:

ఒక్క రుద్రమ్మను చూపించి మొత్తం లెక్క సరిపెడితే ఎట్లా సార్. పాటలో రాణి ఉంటది, బతుకమ్మ ఉండదు. మొన్న 2024లో జయ జయహే రాష్ట్ర గీతం అయినప్పుడు కూడా, సంగీతం కీరవాణి గారికి ఎందుకిచ్చిండ్రని మా దగ్గర కొందరు సంగీతకారులు అడిగిండ్రు. నేనైతే ఆ గొడవలో కీరవాణి గారి పక్షమే. మంచి బాణీకి జిల్లా ఏంది? కానీ చూడండి, అందరినీ కలపాల్సిన పాట విడుదల కాకముందే పంచాయితీ తెచ్చింది.

డెట్రాయిట్ తెలుగోడు:

మీరందరూ ప్రభుత్వాలు వేసిన పాటల చుట్టూనే తిరుగుతున్నారు. కింద నుంచి పుట్టిన పాటలు చూడండి. ‘వీ షల్ ఓవర్‌కమ్’ మనకు ‘హమ్ హోంగే కామ్‌యాబ్’గా తెలుసు, హిందీలో గిరిజా కుమార్ మాథుర్ రాశారు. మన బళ్లలో దాన్ని చేతులు కట్టుకుని పాడించి బడి పాటగా మార్చేశారు గానీ దాని పుట్టుక వేరు. పాత చర్చి పాటల్లోంచి వచ్చి, 1945–46లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పొగాకు ఫ్యాక్టరీ సమ్మె దగ్గర నిలబడింది. సమ్మె చేసినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్లు. అక్కడి నుంచి టెనెసీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూలుకు చేరింది. 1959లో ఓ రాత్రి పోలీసులు ఆ స్కూలు మీద పడ్డారు. లైట్లు ఆర్పి, సామాన్లు వెతుకుతున్నారు. చీకట్లో కూర్చున్న కుర్రపిల్లలు ఈ పాట ఎత్తుకుని, అప్పటికి అందులో లేని చరణం ఒకటి అప్పటికప్పుడు కలిపారు, మాకు భయం లేదు అని. మరుసటి ఏడాది నుంచి విద్యార్థుల సిట్‌ఇన్‌లలో (కదలకుండా కూర్చుని చేసే నిరసనల్లో), తర్వాత ఊరేగింపుల్లో ఆ పాటే. ఐదారేళ్లలో పౌరహక్కుల చట్టం, ఓటు హక్కు చట్టం వచ్చాయి. పాట వల్లే వచ్చాయని అనను. కానీ లాఠీల ముందు నిలబడ్డవాళ్ల కాళ్లు వణక్కుండా చూసింది కదా!

డబ్బు లెక్కలో చూసినా ‘వీ ఆర్ ద వరల్డ్’ 1985లో వచ్చి ఆఫ్రికా కరువు కోసం 6 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. అది చాలా, చాలదా అన్నది వేరే చర్చ.

కొత్తపేట కుర్రోడు:

డెట్రాయిట్ అన్నా, మీరు చెప్పింది పోరాట గీతం. ఎదురుగా ఎవడో ఉన్నాడు, మేమంతా ఒకటి అంటున్నారు. అది పనిచేస్తుంది, కాదనను. నేనడిగేది, కొట్టుకుంటున్న ఇద్దరినీ కలిపిన పాట చూపించమని. మీరు చూపించే లోపు నేను ఒకటి చెప్తా.

జమైకా, 1978 ఏప్రిల్ 22, కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియం. పేరే ‘వన్ లవ్ పీస్ కాన్సర్ట్’. అక్కడ రెండు పార్టీలు, ఒక్కోదానికీ పేటల్లో తుపాకుల ముఠాలు. 1976లో తన ఇంట్లోనే కాల్పులు జరిగి గాయపడి, దేశం వదిలి వెళ్లిపోయిన బాబ్ మార్లే ఈ కచేరీ కోసం తిరిగొచ్చాడు. పాట మధ్యలో ప్రధాని మైఖేల్ మ్యాన్లీని, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగాను వేదిక మీదకు పిలిచి, ఇద్దరి చేతులూ పట్టుకుని తన తల మీదకు ఎత్తాడు. ఫోటో దొరుకుతుంది, చూడండి. మధ్యలో మార్లే పూనకంలో ఉన్నాడు, అటూ ఇటూ ఉన్న ఇద్దరూ పెళ్లిలో తప్పక ఫోటోకు నిలబడ్డ వియ్యంకుల్లా ఉన్నారు.

తర్వాత? ఆ కచేరీ జరగడానికి కారకులైన ముఠా నాయకుల్లో ఒకడు, క్లాడీ మాసప్, 1979లో పోలీసు కాల్పుల్లో పోయాడు. 1980 ఎన్నికల ఏడాదిలో దాదాపు 800 మంది చనిపోయారు. మార్లే కంటే గొప్పగా పాడేవాడు, అంతకంటే మంచి మనసుతో పాడేవాడు ఉంటాడా? అతని వల్లే కాలేదు. ఇంక వాట్సాప్ ఫార్వర్డ్ వల్ల ఏమవుతుంది?

సంగీతం టీచరమ్మ:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. కుర్రోడు బాబూ, జమైకా సంగతి మీరు చెప్పినట్టే జరిగింది. కానీ ఆ రాత్రి నాయకులిద్దరూ పాడలేదు. ఒకాయన పాడితే పక్కన నిలబడ్డారు. నా పాయింటు అదే. మీరంతా ‘విన్న పాట’ గురించి మాట్లాడుతున్నారు. నేను ఏళ్ల తరబడి బళ్లో ‘పాడించిన పాట’ చూశాను.

కోరస్ మొదలుపెట్టిన మొదటి వారం ఎలా ఉంటుందో తెలుసా? గట్టి గొంతున్న పిల్లాడొకడు అందరినీ మింగేస్తాడు. మెత్తగా పాడే పిల్ల వెనక్కి జరిగి పెదాలు మాత్రం ఆడిస్తుంది. శ్రుతి పెట్టి చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకని గట్టిగా పాడేవాడిని ఆ పిల్ల పక్కనే నిలబెట్టి, ఆ అమ్మాయి గొంతు నీకు వినపడేంత తగ్గించి పాడు అంటాను. వాడికి అది శిక్షలా ఉంటుంది. పక్కవాళ్ల ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో కనిపెడితే తప్ప చరణం తెగకుండా సాగదు. ఎవరింట్లో ఏం వండుకుంటారో ఆ నిమిషంలో ఎవరికీ గుర్తుండదు. బయటికెళ్లాక మళ్లీ కొట్టుకుంటారు, నిజమే. అయినా ఆ పని ఒకసారి చేసిన ఒళ్లు వేరు.

దేశం మొత్తం అలా చేసిన చోటు కూడా ఉంది. ఎస్టోనియా. అక్కడ 1869 నుంచి పాటల జాతర ఆనవాయితీ, వేలమంది కలిసి కోరస్ పాడతారు. సోవియట్ పాలనలో ఉండగా 1988 సెప్టెంబరులో తాలిన్ మైదానానికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు. దేశ జనాభా 15 లక్షల పైచిలుకు. 1991లో స్వతంత్రం తిరిగొచ్చింది. ఆ ఉద్యమానికి ‘పాటల విప్లవం’ అనే పేరు ఉత్తినే రాలేదు. స్పీకర్లో వేసి కుర్చీల్లో కూర్చుంటే అది రాదు.

వరంగల్ వాకిలి:

టీచరమ్మా, మీ బడి ముచ్చట మస్తుంది. కానీ ఎస్టోనియా మీద ఒక మాట. అప్పుడు అక్కడి జనాభాలో 30 శాతం రష్యన్లు. 3 లక్షల మంది ఎస్టోనియన్ పాటలు పాడుతుంటే ఆ 30 శాతం ఇండ్లల్లో కూర్చుని ఏమనుకున్నరో? స్వతంత్రం వచ్చినంక వాళ్లలో చాలామందికి పౌరసత్వం తనంతట తాను రాలేదు, భాషా పరీక్ష రాయాల్సొచ్చింది. మళ్లా అదే గీత.

సంగీతం టీచరమ్మ:

నిజమే వాకిలి గారూ. కోరస్‌లోకి ఎవరిని పిలిచామన్నది పాట కాదు, పాడించేవాళ్లు తేల్చుకోవాలి. మా బడిలో లంబాడీ పిల్లలున్నప్పుడు వాళ్ల పాట మిగతావాళ్లు నేర్చుకున్నారు. తాళం మాకు తిన్నగా కుదరడానికే చాలా రోజులు పట్టింది. వాళ్లు మమ్మల్ని చూసి ఒకటే నవ్వులు.

పాత రేడియో:

అదిగో, అదే నేనూ అంటున్నది. వినడం కూడా పనే. అందరూ పాడలేరు కదమ్మా, నా గొంతు వింటే మా ఇంట్లోవాళ్లే తలుపేసుకుంటారు.

డెట్రాయిట్ తెలుగోడు:

ఒక డౌటు. మిలే సుర్ అంత మంచిదైతే, 2010 జనవరి 26న ‘ఫిర్ మిలే సుర్’ అని మళ్లీ తీశారు కదా. లూయిస్ బ్యాంక్స్ ఉన్నాడు, సినిమా తారలంతా ఉన్నారు, టెక్నాలజీ ఉంది, డబ్బుంది. ఇవాళ దాన్ని ఎవరూ తలుచుకోరేం? అప్పట్లో ఒక్క దూరదర్శనే ఉంది కాబట్టి వేరే దిక్కులేక పాతది గుర్తుండిపోయిందా?

సంగీతం టీచరమ్మ:

దూరదర్శన్ ఒక్కటే ఉండటం కొంత కారణం, కాదనను. కానీ పాతదాంట్లో ఏ మూల నుంచైనా ఒక్క వాక్యం ఎత్తుకుని పాడొచ్చు. పొలంలో మనిషి, రైలెక్కే మనిషి కూడా అందులో తారలతో సమానంగా కనిపిస్తారు. కొత్తది 16 నిమిషాల పైన. తారలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్తుంటారు, మనం చూస్తూ ఉండాలి. ఏ పిల్లాడు నోట పట్టుకుంటాడండీ దాన్ని?

కొత్తపేట కుర్రోడు:

ఈ ఒక్కటి ఒప్పుకుంటా టీచర్ గారూ. జమైకా మీద మాత్రం నా మాట మారలేదు. కొట్టుకుంటున్న రెండు పక్షాలూ కలిసి పాడి, తర్వాత కొట్టుకోవడం మానేసిన ఊరు ఒక్కటి చెప్పండి, థ్రెడ్ నేనే మూసేస్తా. ‘పౌరహక్కులు’, ‘స్వతంత్రం’ లెక్కలోకి రావు. రెండు పక్షాలూ పాడి ఉండాలి.

వరంగల్ వాకిలి:

దక్షిణాఫ్రికా జాతీయ గీతం చూడు తమ్మీ. 1897లో ఎనోక్ సోంటోంగా అనే నల్లజాతి బడిపంతులు కట్టిన ప్రార్థన పాట, దానికి తెల్లవాళ్ల పాలనలో ఉన్న పాత జాతీయ గీతం ముక్క, రెండూ కలిపి 1997లో ఒక్కటి చేసిండ్రు. ఐదు భాషలు. రగ్బీ మ్యాచ్ ముందర తెల్ల ఆటగాళ్లు నల్లవాళ్ల భాష షోసాలో, నల్ల ఆటగాళ్లు పాత తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో పాడతరు. దాన్ని కూడా వద్దనేటోళ్లున్నరు, ఆ పాత ముక్క తీసెయ్యాలని అక్కడ ఇప్పటికీ గొడవే. మరి దీన్ని ఏ ఖాతాలో వేస్తవో నువ్వే చెప్పు.