నాలుగడుగుల రీఫ్ ట్యాంకుకి కేనోపీ చేయిద్దామనుకుంటున్నా, బరంపురం ఉప్పుగాలికి ఏ చెక్క ఆగుతుంది?

పట్టువీధి_రీఫ్ (బరంపురం):

నమస్తే అందరికీ. మా హాల్లో 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు రీఫ్ ట్యాంకు, అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు, పెట్టి రెండేళ్ళు దాటింది. 12 ఎం.ఎం. గ్లాసు, పైన అంచుకి గ్లాసు పట్టీలు ఉన్నాయి. లోపల మష్రూములు, జోవాలు, ఒక లెదరు లాంటి మెత్తని పగడాలు, చేపల్లో క్లౌన్ జంట, రెండు ఫైర్‌ఫిష్ ఉండేవి. ఇప్పుడు ఫైర్‌ఫిష్ ఒక్కటే ఉంది. పోయిన ఆదివారం అమ్మ ఊడుస్తుంటే టీవీ స్టాండు కింద చీపురుకి ఏదో తగిలి బయటికొచ్చింది, మెత్తళ్ళు ఎండినట్టు ఎండిపోయి బిర్రబిగిసి ఉంది, తోకవైపు ఎరుపు మాత్రం ఇంకా పోలేదు. నాలుగు రోజులుగా అది రాయి వెనకాల దాక్కుందనే అనుకుంటున్నా నేను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు, మూత లేకుండా ఇంక ఒక్క నెల కూడా ఉంచను.

పైగా 90 వాట్ల ఎల్ఈడీలు రెండు పైనుంచి వేలాడుతున్నాయి, సోఫాలో కూర్చుంటే నేరుగా కళ్ళలో కొడతాయి, నాన్న అయితే హాల్లో కూర్చోడమే మానేశారు. అందుకే మామూలు మూత కాదు, లైట్లు లోపల దాగేటట్టు చెక్కతో కేనోపీ చేయిద్దామని మిస్త్రీని పిలిచాను. అతను చెప్పింది ఇదీ: 18 ఎం.ఎం. కమర్షియల్ ప్లై, బయట టీవీ యూనిట్‌కి మ్యాచ్ అయ్యే సన్‌మైకా, ఇత్తడి బందులు, ముందు రెండు తలుపులు, వెనక కూడా ప్లైతో మూసేసి తిన్నగా ట్యాంకు మీద కూర్చోబెట్టేయడం. చూడ్డానికి బాగుంటుందనే అనిపిస్తోంది కానీ ఎందుకో భయంగా ఉంది. ఎత్తు ఎంత పెట్టాలి, ప్లై ఏది వాడాలి, ఫ్యాన్లు అవసరమా? చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

రాతి పగడాలు ఏవీ పెట్టలేదు, పెట్టను కూడా. అవి 2001 నుంచీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయని తెలుసు. కాబట్టి లైటు మరీ ఎక్కువ అక్కర్లేదు నాకు.

—

పాత_ఉప్పునీళ్ళు (ఛత్రపురం):

చెల్లెమ్మా, ముందు మిస్త్రీకి ఫోన్ చేసి ఇత్తడి బందులు వద్దని చెప్పు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. నా మొదటి కేనోపీకి ఇత్తడివే పెట్టించాను, ఇత్తడికి తుప్పు పట్టదు కదా అని. తుప్పు పట్టదు నిజమే, చిలుము పడుతుంది. ఏడాది తిరక్కుండా బందు చుట్టూ పచ్చగా పొడిలా పేరుకుంది, ఆవిరి తగిలి చెమ్మై చుక్క చుక్కగా నీళ్ళలోకి దిగింది, నేను చూసుకోలేదు. ముందు నత్తలు పోయాయి, తర్వాత క్లీనర్ రొయ్య పోయింది, జోవాలు మూసుకుపోయి తెరుచుకోలేదు. చేపలకి ఏమీ కాలేదు, అందుకే అర్థమవడానికి అంత టైం పట్టింది. ఇత్తడిలో ఉండేది రాగి, వెన్నెముక లేని జీవాలకి రాగి అంటే విషం. బందులూ స్క్రూలూ అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో, ఉప్పుకి బాగా ఆగే 316 రకం దొరికితే 316, దొరక్కపోతే 304 పెట్టి నెలకోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడుచుకో.

కమర్షియల్ ప్లై కూడా వద్దు. అది ఐఎస్ 303 ప్రమాణంది, ఇంటి లోపల అల్మరాలకి పనికొస్తుంది అంతే. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడుగు, షీటు మీద ఆ నంబరు నీ కళ్ళతో చూశాకే కోయించు. ఇంకోటి, సన్‌మైకా బయట వేయించుకో నీ ఇష్టం, లోపల మాత్రం వేయించకు. మామూలు తెల్ల గమ్ముతో అతికిస్తారు, ఆవిరికి అంచుల దగ్గర లేచిపోయి దాని వెనకాల ఉప్పు చేరుతుంది. లోపల తెల్ల ఎపాక్సీ పెయింటు 3 కోట్లు వేయించు. ప్లై నీళ్ళు తాగేది పైనుంచి కాదమ్మా, కోసిన అంచుల్లోంచి, కాబట్టి ముందు అంచులకి, స్క్రూ రంధ్రాలకి ఒక చేయి పూయించి తర్వాతే మిగతాది. పెయింటయ్యాక రెండు వారాలు ఎండలో గాలిలో పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు, అప్పుడే ట్యాంకు మీదకి.

—

కొండగాలి_రీఫ్ (రాయగడ):

అక్కా, ఆ వెనకవైపు మూసేస్తానన్నాడు చూడు, అదే నాకు అన్నిటికన్నా భయమేసింది. నాది 3 అడుగుల ట్యాంకు, మొదట్లో నేనూ పెట్టెలాగ మూసీశాను. మధ్యాహ్నం 2 గంటలకి నీళ్ళు 31 డిగ్రీలు చూపించింది, పగడాలకి 25, 26 మంచిది, 28 దాకా ఓర్చుకుంటాయి, 30 దాటి అలాగే ఉంటే రంగు వదిలి తెల్లబడిపోతాయి. వేడి ఒక్కటే కాదు, మూసిన పెట్టెలో నీటి మీద గాలి మారదు, కార్బన్ డయాక్సైడ్ అక్కడే ఉండిపోయి పీహెచ్ దిగిపోద్ది, నాది పొద్దున్నే 7.8 కి వచ్చీసేది. వెనకవైపు పూర్తిగా వదిలేశాక అదే 8.1, వేరే ఏమీ మార్చలేదు.

ఫ్యాన్లు తప్పకుండా పెట్టు. కంప్యూటర్‌వి 12 వోల్టులవి, 120 ఎం.ఎం. సైజువి రెండు చాలు. చాలామంది వేడి బయటికి లాగాలని బయటివైపు తిప్పి పెడతారు, అలా పెడితే ఉప్పు ఆవిరి అంతా మోటారు లోంచే పోవాలి, నావి మూడు నెలలకే గరగరమని ఆగిపోనాయి. ఇప్పుడు పక్కనుంచి లోపలికి ఊదేటట్టు, నీటి మీదుగా గాలి పోయేటట్టు పెట్టాను, పొడిగాలి ఫ్యాన్లోంచి వస్తుంది, తడిగాలి వెనకనుంచి పోతుంది, రెండో ఏడు నడుస్తోంది.

లెక్క చెప్తా చూడు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి తీసుకుపోతుంది. నీ లైట్లు రెండూ కలిపి 180 వాట్లు, రోజుకి 8 గంటలు అంటే 1.44 యూనిట్లు, అంటే ఆ లైట్ల వేడి పోవడానికే రోజుకి రెండు లీటర్ల పైన ఆవిరవ్వాలి. ఆ రెండు లీటర్లూ ఆర్‌ఓ నీళ్ళతోనే నింపాలి, ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పు పెరిగిపోద్ది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. ఆవిరైన నీళ్ళు దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ లేకపోతే కేనోపీ డబ్బుల్లోంచి కొంత దానికి పక్కన పెట్టు.

చెక్కలు, పెయింట్లు ఇదంతా ఎందుకు, 18 ఎం.ఎం. పీవీసీ ఫోమ్ బోర్డు వాడేయ్ అక్కా, ఇప్పుడు వంటగది అల్మరాలన్నీ దాంతోనే కదా, నీళ్ళలో నానబెట్టినా ఏమీ అవదు, బరువు కూడా తక్కువ.

—

పాత_ఉప్పునీళ్ళు (ఛత్రపురం):

తమ్ముడూ, ఫ్యాన్ల మాట నూటికి నూరుపాళ్ళు నిజం, నేనూ అలాగే పెట్టుకున్నాను. కానీ రాయగడ గాలి వేరు, మా సముద్రం ఒడ్డు గాలి వేరు. మీ కొండల దగ్గర ఏప్రిల్లో గాలి పొడి, ఫ్యాను పెడితే 3 డిగ్రీలు దిగుతుంది. ఇక్కడ ఏప్రిల్ నుంచే ఉక్కపోత, ఆరేసిన లుంగీ సాయంత్రానికి కూడా ఆరదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఎక్కడికని ఆవిరవుతుంది. మాకు డిగ్రీ, డిగ్రీన్నర దిగితే గొప్ప. అందుకే చెల్లెమ్మా, కేనోపీ చేయించేటప్పుడే వెనక నీళ్ళు చల్లబరిచే చిల్లర్ పైపులు పట్టేంత సందు వదిలించు, ఇవాళ కొనకపోయినా సరే.

ఫోమ్ బోర్డు విషయంలో మాత్రం ఒప్పుకోను. 3 అడుగులకి ఆగిందేమో, 4 అడుగుల పైపలక అడ్డంగా వేసి కింద లైట్ల వేడి తగుల్తుంటే ఏడాదికి నడుం వంగుతుంది, మా పక్కింటాయనది చూశాను. స్క్రూ కూడా రెండుసార్లు విప్పి బిగిస్తే పట్టు వదిలేస్తుంది. పక్కలకి, తలుపులకి ఫోమ్ బోర్డు పర్లేదు. పైన మాత్రం టేకు చట్రం ఉండాల్సిందే.

—

లూపులైన్ (పర్లాకిమిడి):

నేను కరెంటు పనివాణ్ణి, 30 ఏళ్ళు అదే ఉద్యోగం, ఇప్పుడు రిటైర్ అయి ఇంట్లో చిన్న రీఫ్ పెట్టుకున్నాను. అందరూ చెక్క గురించే మాట్లాడుతున్నారు, ఉప్పునీళ్ళ మీద కరెంటు వేలాడదీస్తున్నామన్న సంగతి ఎవరూ ఎత్తలేదమ్మా. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంప్‌ల ఆర్‌సీసీబీ లేకుండా కేనోపీలో చెయ్యి పెట్టొద్దు. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు, అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. లైట్లకి కరెంటు మార్చిచ్చే డ్రైవర్లు, ఫ్యాన్ల అడాప్టరు ఏవీ పెట్టె లోపల ఉండకూడదు, లోపలికి తక్కువ వోల్టుల వైరు మాత్రమే రావాలి. ప్రతి వైరు ప్లగ్గులోకి పోయేముందు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు దిగి మళ్ళీ పైకి ఎక్కాలి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలి. మా ఇంట్లో ఆ వంపు కింద రోజూ వేలుతో తడిమితే ఉప్పు గరుగ్గా తగుల్తుంది, ఆ వంపే లేకపోతే అదంతా ప్లగ్గులో ఉండేది.

బరువు సంగతి కూడా. 18 ఎం.ఎం. ప్లై 8 బై 4 షీటు 35 కేజీల దాకా తూగుతుంది, నీ కేనోపీకి అందులో సగం పైన పడుతుంది, చట్రం లైట్లు కలిపి పాతిక కేజీలు అనుకో. నిలువు గ్లాసు ఆ బరువు మోస్తుంది కానీ అడ్డంగా అతికించిన పట్టీల మీద పడిందంటే సిలికాన్ ఊడుతుంది. స్టాండు వెనకనుంచే రెండు నిలువు కర్రలు లేపించి కేనోపీని వాటికి కట్టించు, గ్లాసు మీద బరువు అస్సలు పెట్టకు. 12 ఎం.ఎం. ప్లై చాలు.

—

పట్టువీధి_రీఫ్ (బరంపురం):

అందరికీ చేతులెత్తి దండం, ఇవేవీ తెలియకుండానే అడ్వాన్సు ఇచ్చేసేదాన్ని. మిస్త్రీ మొదట్లో ఒప్పుకోలేదు, వెనక తెరిచి ఉంటే పని సగంలో వదిలేసినట్టుంటుంది మేడం అన్నాడు, ఫైర్‌ఫిష్ సంగతి, నీళ్ళ వేడి సంగతి కూర్చోబెట్టి చెప్పాక ఒప్పుకున్నాడు. 12 ఎం.ఎం. మెరైన్ ప్లై, టేకు చట్రం, వెనక ఖాళీ, స్టాండు నుంచి కర్రలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. వెనక తెరిచి ఉంటే చేప అటునుంచి దూకదా? లోపల ఎత్తు ఎంత?

—

పాత_ఉప్పునీళ్ళు (ఛత్రపురం):

దూకుతుంది. కేనోపీ లైటుని ఆపుతుంది కానీ చేపని ఆపదు, దానికి వల వేరే కావాలి. కిటికీలకి దోమల వల బిగించే అల్యూమినియం చట్రం ఉంటుంది కదా, అది ట్యాంకు అంచు లోపల కూర్చునే కొలతకి కోయించు. దోమల వల మాత్రం వద్దు, సగం వెలుగు తినేస్తుంది. గోపాలపూర్లో వలలమ్మే చోట మన వాడబలిజలని అడిగితే పావు అంగుళం కన్ను ఉన్న తెల్ల నైలాన్ వల గజాల్లెక్కన ఇస్తారు, నీళ్ళలో కనపడకూడదనే నేస్తారు అది, లైటు కింద కూడా కనపడదు. కొత్తదే తీసుకో, రెండు రోజులు ఆర్‌ఓ నీళ్ళలో నానబెట్టు. ఒక మూల తిండి వేయడానికి చెయ్యి పట్టేంత కిటికీ వదిలించు, లేకపోతే రోజూ చట్రం ఎత్తాలి.

లోపల ఎత్తు 16 అంగుళాలు పెట్టు. నీటికి లైటుకి మధ్య 9, 10 అంగుళాలు, లైటు మందం, పైన గాలి ఆడడానికి నాలుగు అంగుళాలు. నీకున్నవన్నీ మెత్తని పగడాలే కాబట్టి లైటు ఎత్తుగా ఉన్నా నష్టం లేదు, వెలుగు మూలలకి కూడా పరుచుకుంటుంది. గోడకి నాలుగు అంగుళాలు జరిపి ఉంచు, మా ఇంట్లో అలా ఉంచక గోడ సున్నం బుడగలు లేచి రాలిపోయింది.

ఇంకొక్కటి, ఇది మర్చిపోకు. పైపలక రెండు ముక్కలుగా చేయించు, ఒక్కొక్కటీ ఒక మనిషి ఎత్తగలిగేటట్టు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, మా వీధిలో చాలా రోజులు కరెంటు లేదు, నా కేనోపీ అంతా ఒకే పెట్టె. టార్చి నోట్లో పెట్టుకుని ఒక భుజంతో దాన్ని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాను నీళ్ళకి గాలి తగలాలని, తెల్లారేసరికి చెయ్యి పైకి లేవలేదు. క్లౌన్లు బతికాయి, టాంగ్ చేప బతకలేదు. ఒక బ్యాటరీ ఎయిర్ పంపు కూడా కొని స్టాండులో పడెయ్.

—

పట్టువీధి_రీఫ్ (బరంపురం):

పైపలక రెండు ముక్కలే, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. గురువారం పని మొదలు. కేనోపీ అయి పెయింటు ఆరేసరికి ఎలా లేదన్నా నెల పడుతుంది కాబట్టి ముందు వల చట్రం చేయించేస్తున్నా, రేపు బ్యాంకు అయ్యాక నాన్నతో గోపాలపూర్ వెళ్తున్నాం. అన్నయ్యగారూ, పావు అంగుళం అంటే ముడికీ ముడికీ మధ్యా, లేక లాగి పట్టుకుంటేనా?

—

పాత_ఉప్పునీళ్ళు (ఛత్రపురం):

ముడికీ ముడికీ మధ్య చెల్లెమ్మా. వాళ్ళు లాగి కొలుస్తారు, కాబట్టి అక్కడ అర అంగుళం అని అడుగు. చూపుడువేలు కొన దూరకపోతే సరిపోయినట్టే.